మూడోసారి

చిలకలగూడలో కుట్టుమిషన్లు బాగుచేసే షాపు మీద
ఒక గది. ఆదివారం పదింటికి తాళం తీస్తాను.
పద్నాలుగు కుర్చీలు, అందులో రెండు కుంటివి.
వచ్చేది తొమ్మిదిమంది.
ఫ్యాను తిరిగితే కాగితాలు లేస్తాయని
కింద షాపులోంచి పాత బాబిన్లు తెచ్చి బరువు పెడతాం.

పందొమ్మిదేళ్లు కృష్ణానగర్ నుంచి షూటింగులకి వెళ్లాను.
నా పని కంటిన్యుటీ:
కట్ చెప్పినప్పుడు గ్లాసులో టీ ఎంత ఉంది,
హీరో చొక్కాకి ఏ గుండీ ఊడింది,
ఏడ్చే అమ్మాయికి కన్నీరు ఏ చెంప మీద ఆగింది,
రాసుకోవడం.
ఎందుకేడుస్తోందో ఎవరూ నన్ను అడగలేదు.
నేనూ అడగలేదు.
ఆ అడగనిదాని కోసమే ఈ గది.

కళ అంటే ఏమిటని నన్ను అడక్కండి పిల్లలూ.
చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు, మైకులతో సహా.
మెట్లు ఇరుకు, తల వంచుకుని పైకి రండి,
ఒక సీను రాయండి.
"లోపల. పగలు." అనగానే
దేని లోపల? ఎవరి పగలు? అని కాగితమే అడుగుతుంది.
"అతను కిటికీలోంచి చూస్తాడు" అని రాస్తే
అతన్ని చూస్తున్నదెవరు?
ఆ ప్రశ్న దగ్గర ఓ పూట కూర్చోండి.
బస్సు పోతే పోనీ.

అయిలయ్య మొదటి వారం ఇలా రాసుకొచ్చాడు:
"అమ్మ చాలా బాధలో ఉంది."
పెన్సిలుతో సున్నా చుట్టాను.
బాధని కెమెరా ముందు ఎక్కడ నిలబెడతావు నాయనా,
పొడుగెంత, చీర రంగేమిటి?
పాతకాలపు ఆలంకారికులు ఎప్పుడో చెప్పారు,
రసాన్ని పేరు పెట్టి పిలవడం దోషమని.
పిలిచామా, బాకీ ఉన్నవాడిలా సందు తిరిగిపోతుంది.
నుజ్హత్ నవ్వింది: "మా దాదీ అంతే మేడమ్,
కోపమొచ్చిందని చెప్పదు,
ఖట్టీ దాల్‌లో ఉప్పు వెయ్యదు."

రెండో వారం మళ్లీ తెచ్చాడు.
"బయట. పొద్దున. పద్మారావునగర్, ఇస్త్రీ బండి.
అమ్మ బొగ్గుల పెట్టెకి తడివేలు తాకిస్తుంది. చుయ్.
మూటలోంచి బడిపిల్లాడి చొక్కా, అపార్టుమెంటు వాళ్లది.
కాలరు రుద్దుతుంది.
మళ్లీ అదే కాలరు.
మూడోసారి అదే కాలరు.
పక్కన పెడుతుంది. తర్వాతి చొక్కా."

అంతే.
వాడికో తమ్ముడుండేవాడని అప్పటిదాకా మాకు తెలియదు.
అయినా సీనులో లేని పిల్లాడొకడు మెట్లెక్కి వచ్చి
కుంటి కుర్చీలో కూర్చున్నాడు.
కింద టకటకలాడుతున్న మిషను ఆగిపోయింది.

ఎబినేజరు ఊరుకోడు.
"అరే, నిజంగా మూడుసార్లు రుద్దిందా?"
అయిలయ్య తల గోక్కున్నాడు.
"లేదన్నా. రెండేసార్లు. మూడోది నేనే."

నా పందొమ్మిదేళ్ల నోటుబుక్కు అక్కడ చిత్తుకాగితమైంది.
రెండు నిజం, మూడు అబద్ధం.
మరి మూడోదాని దగ్గరే కదా అందరికీ గొంతు పట్టింది?
అది ఎవరిది, అమ్మదా, కొడుకుదా, వింటున్న మాదా?
సుదేష్ణ దొంగతనమంది.
నుజ్హత్ కాదంది, బాకీ తీర్చడమంది.
మధ్యాహ్నం రెండయింది. డబ్బాలు ఎవరూ విప్పలేదు.
నేను తీర్పు చెప్పలేదు,
నా దగ్గర లేదు గనక.
అమ్మకి చదివి వినిపించు, అన్నాను.

మొన్న ఆదివారం వచ్చి చెప్పాడు.
బండి దగ్గరే నిలబడి విన్నదట, పెట్టె చేతిలోనే.
"మూడోపారి రుద్దితె కాలర్ మాడ్తది బిడ్డా" అన్నదట.
ఇంకో చొక్కా పరిచిందట. నీళ్లు చల్లిందట.
అప్పుడు, తలెత్తకుండానే,
"ఉండనీ తియ్. మాడనీ."